లైబ్రరీకి పన్ను ఉంది, గ్రౌండ్‌కు ఎందుకు లేదు? పటాన్‌చెరు బెల్ట్ కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇంట్లో బీరువాలోనో, కరెంటు బిల్లుల కవర్‌లోనో ఇంటి పన్ను రసీదు ఉంటుంది. తీసి చూడండి. నేను ఒకటి స్క్రీన్ మీద పెడుతున్నాను, పేరు, ఇంటి నంబరు కనబడకుండా చేశాను. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగ్, ఇలా లైన్లు ఉంటాయి. వాటి మధ్యలో ఒక లైన్: గ్రంథాలయ పన్ను. రూపాయి ఇంటి పన్నుకు 8 పైసలు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కడితే లైబ్రరీకి 80 రూపాయలు.

ఆ రసీదులో ఇంకో లైన్ కోసం వెతకండి. ఆటస్థలం పన్ను. యువజన పన్ను. ఉండదు. ఎప్పుడూ లేదు కూడా.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం. ఇన్ని ఫ్యాక్టరీలున్న బెల్ట్ మన రాష్ట్రంలో తక్కువ. ఇక్కడి కుర్రాళ్లు వాలీబాల్ ఆడాలంటే నెట్ చందాలేసి కొనుక్కుంటారు, రెండు పోల్స్ ఎవరో వెంచర్ వాళ్ల ప్లాట్‌లో పాతుకుంటారు, ఆ ప్లాట్ అమ్ముడుపోగానే పీకేస్తారు. ఇంత డబ్బు పుట్టే చోట ఇలా ఎందుకుంది? నాయకులను తిట్టడం వీజీ, రెండు నిమిషాల రీల్ అయిపోతుంది. నేను చెప్పేది అది కాదు. డబ్బు ఏ దారిలో వెళ్లాలో ఎవరు, ఎప్పుడు, ఏ చట్టంలో రాశారనేది చూద్దాం. అది కొంచెం పొడుగు కథ.

లైబ్రరీ పన్ను ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే అది ఊరికే రాలేదు.

మన సంగారెడ్డి జిల్లాలోనే జోగిపేట ఉంది. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం అక్కడే జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి, గోలకొండ పత్రిక సంపాదకుడు. పక్కనే మహిళల సభ, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఇప్పుడు మనకు సభ అంటే ఫ్లెక్సీ, డీజే. అప్పట్లో నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటేనే ప్రభుత్వం అనుమతి కావాలి. అంతకు ముందు 1921లో ఆంధ్ర జనసంఘం మొదలైనప్పుడు, మాడపాటి హనుమంతరావు లాంటి వాళ్లు పెట్టుకున్న పనుల్లో ముఖ్యమైనవి ఊళ్లల్లో లైబ్రరీలు, బడులు పెట్టడం. తెలుగులో చదువుకునే చోటే లేని రోజులు అవి. లైబ్రరీ అంటే పుస్తకాల అలమారా మాత్రమే కాదు, పేపర్ ఒకరు పైకి చదివితే పది మంది వినే చోటు, యువకులు కూర్చుని మాట్లాడుకునే చోటు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే యూత్ సెంటర్. డబ్బు ఎవరిచ్చారు? సర్కారు ఇవ్వలేదు. సభ్యత్వం, చందా, ఎవరో ఒక వకీలు ఇచ్చిన గది.

అలా ముప్పై ఏళ్లు జనం సొంత డబ్బుతో నడిపాక చట్టం వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రానికి 1955లో పబ్లిక్ లైబ్రరీల చట్టం, ఆ తర్వాత ఆంధ్ర ప్రాంతాన్ని, తెలంగాణను కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఆ చట్టం చేసిన పెద్ద పని ఒకటే: ఇంటి పన్ను మీద సెస్సు వేసి, ఆ డబ్బు వెళ్లడానికి జిల్లా గ్రంథాలయ సంస్థ అని ఒక గిన్నె తయారుచేసింది. ఎవరు ముఖ్యమంత్రి అయినా ఆ లైన్ రసీదులో ఉంటుంది. పథకం పేరు మారదు, ఎందుకంటే అది పథకం కాదు. గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డప్పుడు జిల్లా లైబ్రరీలో కుర్చీ దొరకదు కదా, పొద్దున్నే వెళ్లి బ్యాగు పెట్టి సీటు ఆపుకుంటారు. ఆ కుర్చీ వెనక ఉన్నది ఆ 8 పైసలే.

అంతా బ్రహ్మాండంగా ఉందని నేను అనట్లేదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు సెస్సు వసూలు చేస్తాయి, గ్రంథాలయ సంస్థకు పంపవు. ఈ బకాయిల వార్త నా చిన్నప్పటి నుంచి పేపర్లో వస్తూనే ఉంది. కానీ బకాయి అన్న మాట వాడగలుగుతున్నామంటే అర్థమేంటి? ఇవ్వాల్సింది ఉందని. గ్రౌండ్ విషయంలో ఆ మాట వాడలేం. ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

ఇక ఫ్యాక్టరీల దగ్గరికి వద్దాం.

1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. (సంగారెడ్డి జిల్లా పుట్టింది కూడా అక్టోబర్ 11నే, 2016లో. ఊరికే చెప్తున్నా, పోటీ పరీక్షల్లో పనికొస్తుంది.) అప్పటికే బ్లాకులు, గ్రామసేవకులు ఉన్నారు. గ్రామసేవకుడి పనుల్లో ఊళ్లో యువజన సంఘం పెట్టించడం ఒకటి. ఆ సంఘాల పని ఎక్కువగా ఎరువుల గుంతలు, శ్రమదానం, పంచాయతీ రేడియో. యువత అంటే అప్పటి ప్రభుత్వం దృష్టిలో పని చేయించాల్సిన చేతులు.

ఆ తర్వాతి దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. పబ్లిక్ సెక్టార్ కంపెనీ అంటే ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, టౌన్‌షిప్ వస్తుంది: క్వార్టర్లు, స్కూలు, ఆసుపత్రి, కమ్యూనిటీ హాలు, గ్రౌండ్లు. తర్వాత ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఈ బెల్ట్‌లో పద్ధతిగా కట్టిన ఆటస్థలాలు మొదట వచ్చింది ఇలాగే, కంపెనీ ఖర్చుతో, కంపెనీ గోడ లోపల. ఉద్యోగి పిల్లలకు పాస్ ఉంటుంది. గోడ బయట ఊరి పిల్లలకు గోడ ఉంటుంది. కొన్నిసార్లు దూకేవాళ్లు, అది వేరే విషయం.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1973లో ఏపీఐఐసీ. ఈ రెండో పేరు గుర్తుపెట్టుకోండి, ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ. భూమి తీసుకోవడం, ప్లాట్లు చేయడం, రోడ్లు వేసి కంపెనీలకు ఇవ్వడం దీని పని. మెదక్ వెనుకబడిన జిల్లా కింద లెక్క, రాయితీలు ఉన్నాయి, హైదరాబాద్ పక్కనే, బొంబాయి హైవే మీద. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచారు, జిల్లా పేరు దేశం మొత్తానికి తెలిసింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, వరసగా ఎస్టేట్లు లేచాయి. మందులు, రసాయనాలు, స్టీలు, సబ్బులు. నక్కవాగులో ఏం పారిందో, 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కాలుష్యం కేసు ఏమైందో మీలో చాలామందికి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. అది ఇంకో ఎపిసోడ్. ఇవాళ్టికి ఒక్క ముక్క: ఈ ఊళ్లకు ఫ్యాక్టరీల డబ్బు గురించి జరిగిన పోరాటమంతా నష్టపరిహారం గురించే. పాడైన పొలానికి ఎంత, చచ్చిన గొడ్డుకు ఎంత. పిల్లల ఆట గురించి అడిగే స్థితిలో ఎవరూ లేరు. తాగే నీళ్లే ట్యాంకర్‌లో వచ్చే ఊళ్లో గ్రౌండ్ కావాలని ఎవరు అడుగుతారు?

ఇప్పుడు అసలు విషయం. జాగ్రత్తగా వినండి, మన జిల్లా వాళ్లకే చాలామందికి తెలియని సంగతి.

మామూలు ఊళ్లో ఒక రైస్ మిల్లు ఉందనుకోండి, అది పంచాయతీకి పన్ను కడుతుంది. ఆ డబ్బు ఏం చేయాలో సర్పంచి, వార్డు మెంబర్లు తీర్మానం చేస్తారు. మరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉన్న కంపెనీ? అది పంచాయతీకి కట్టదు. ఐలాకు కడుతుంది. ఐలా అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది, ఎస్టేట్ వరకు పంచాయతీ అధికారాలను ప్రభుత్వం ఏపీఐఐసీకి అప్పగించొచ్చని. మున్సిపల్ చట్టాల్లోనూ అలాంటిదే ఉంది. తెలంగాణ వచ్చాక ఆ సంస్థ పేరు మారింది, ఐలా ఏర్పాటు మాత్రం అలాగే ఉంది. ఎస్టేట్ లోపల పన్ను వేసేది, వసూలు చేసేది, బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చేది ఐలా. వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు, అంటే ఆ పంచాయతీకో మున్సిపాలిటీకో పంపాలి. మిగతా 65 శాతం ఎస్టేట్ లోపలి రోడ్లు, డ్రైనేజీ, లైట్లకు.

అంటే కంపెనీ 100 రూపాయలు కడితే ఊరికి 35.

కంపెనీల వాదన కూడా చెప్పాలి కదా. వాళ్లనేది: మేం పంచాయతీకి కడితే ఎస్టేట్ లోపల ఒక గుంత కూడా పూడ్చలేదు, లారీలు దిగబడిపోయేవి, మా డబ్బు మా రోడ్డుకే పెట్టండి. ఇందులో నిజం ఉంది. చిన్న పంచాయతీకి కంటైనర్ లారీ తిరిగే రోడ్డు వేసే శక్తి ఉండదు, ఇంజినీర్ ఉండడు. ఎస్టేట్‌కు ఎస్టేట్‌గా చూస్తే ఐలా తప్పు ఆలోచన కాదు.

కానీ ఎస్టేట్ లోపల మనుషులు నివసించరు. అక్కడ షెడ్లు ఉంటాయి, సెక్యూరిటీ గేట్లు ఉంటాయి. షిఫ్ట్ అయ్యాక మనుషులు ఎక్కడికి వెళ్తారు? ఇస్నాపూర్ రూములకు, ముత్తంగికి, చిట్కుల్‌కు, బొల్లారం లైన్లకు. అక్కడే వండుకుంటారు, అక్కడే పెళ్లిళ్లు, పిల్లలు, స్కూళ్లు. చెత్త ఎత్తేది ఆ ఊరు, నీళ్లు ఇచ్చేది ఆ ఊరు. మనుషుల బరువంతా గోడ బయట, పన్నులో పెద్ద ముక్క గోడ లోపల. ఐలాలో వార్డు మెంబర్ ఉండడు, గ్రామసభ ఉండదు. పాశమైలారం కుర్రాడు వెళ్లి మా ఊరి భూమి మీద కట్టిన కంపెనీల పన్నులోంచి మాకు ఒక వాలీబాల్ కోర్టు కావాలని అడగడానికి అక్కడ కుర్చీయే లేదు. వచ్చే 35 శాతంలోంచి అడగాలి. ఆ 35 శాతం సఫాయి కార్మికుల జీతాలకు, బోర్ల కరెంటు బిల్లుకే చాలదు.

బెల్ట్‌లో గ్రౌండ్ లేకపోవడానికి కారణం ఒకటే చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

సరే, 35 శాతమైనా వస్తుంది, ఢిల్లీ నుంచి ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు వస్తుంది, వాటిలోంచి ఎందుకు పెట్టరు? ఇక్కడ ఒక పదాల కథ ఉంది. నాకు ఇది తెలిసినప్పుడు నిజంగా నవ్వొచ్చింది.

1993లో రాజ్యాంగం 73వ, 74వ సవరణలు అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు ఏ పనులు ఇవ్వొచ్చో పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలు రాశారు. మున్సిపాలిటీలకు పన్నెండో షెడ్యూల్‌లో 18. గూగుల్‌లో కొట్టి చదవండి, ఐదు నిమిషాల పని. ఊళ్ల జాబితాలో 20వ అంశం లైబ్రరీలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. చేపలున్నాయి, కోళ్లున్నాయి, వంటచెరకు, పశువుల మేత ఉన్నాయి. ఆటలు లేవు. యువత లేదు. పట్టణాల జాబితాకు వెళ్లండి, 12వ అంశంలో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని స్పష్టంగా ఉంది. అంటే 1990ల మొదట్లో ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్ల బుర్రలో పట్నం పిల్లవాడికి గ్రౌండ్ కావాలి, ఊరి పిల్లవాడికి అక్కర్లేదు. ఊళ్లో ఖాళీ జాగా బోలెడు ఉంటుంది, పొలాల్లో ఆడుకుంటాడులే అనుకున్నారేమో. చాలా ఊళ్లకు అప్పట్లో అది నిజమే కావచ్చు. ఎకరం కోట్లు పలికే ఇస్నాపూర్‌కు?

మన బెల్ట్‌కు తగిలిన దెబ్బ ఇదే. చూడ్డానికి పట్నం, కాగితం మీద పల్లె. పటాన్‌చెరు, రామచంద్రాపురం మున్సిపాలిటీలై 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారం 2018లో మున్సిపాలిటీలయ్యాయి. ఇస్నాపూర్ లాంటివి మొన్నమొన్నటిదాకా పంచాయతీలే. వేలమంది పనికి వచ్చి ఉండే ఊళ్లు, దశాబ్దాలపాటు పశువుల మేత జాబితాలో ఉండిపోయాయి. మున్సిపాలిటీ అయ్యే నాటికి జాగా అయిపోయింది.

చట్టంలో శాతం రాస్తే ఏమవుతుందో చూడాలంటే 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చూడండి. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు, నర్సరీకి పెట్టాలన్నారు. గ్రీన్ బడ్జెట్. పెట్టారు. ఊరూరా నర్సరీ వచ్చింది, మొక్క ఎండితే సర్పంచిని అడిగే పరిస్థితి వచ్చింది. నేను మొక్కలకు వ్యతిరేకిని కాదు. మొక్కకు 10 శాతం, పుస్తకానికి 8 పైసలు, వాలీబాల్‌కు సున్నా. ఇది ఆర్డర్.

సున్నా అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేదని కాదు. పై నుంచి పథకాలు వస్తూనే ఉన్నాయి. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలయ్యాయి. మీ బాబాయిల తరం వాళ్లను అడగండి, సంఘం రిజిస్టర్ చేయించి, జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి, ఒక వాలీబాల్ కిట్ తెచ్చుకున్న కథ చెప్తారు. 1990ల చివర్లో చంద్రబాబు హయాంలో సీఎంఈవై, వైఎస్ హయాంలో రాజీవ్ యువశక్తి, 2025లో రేవంత్ రెడ్డి ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం. పేర్లు చూస్తే యువత, లోపల చూస్తే లోన్లు, సబ్సిడీ. ఉపాధి అవసరమే, కాదనను. కానీ అది ఒక కుర్రాడికి ఇచ్చే డబ్బు. ఊరి కుర్రాళ్లందరూ కలిసే చోటుకు ఇచ్చే డబ్బు కాదు.

ఆ రెండో రకం డబ్బు పద్ధతిగా వచ్చింది ఒక్కసారి. 2008-09లో కేంద్రం పైకా అని పథకం పెట్టింది, పంచాయత్ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్. దాని లెక్క చెప్తా. ఎంపికైన ఒక్కో గ్రామ పంచాయతీకి గ్రౌండ్ తయారుచేసుకోవడానికి ఒకేసారి లక్ష రూపాయలు. ఆ తర్వాత ఐదేళ్లు, ఏడాదికి సామాన్లకు 10 వేలు, నిర్వహణకు 12 వేలు. పిల్లలను ఆడించే మనిషికి క్రీడాశ్రీ అని పేరు, గౌరవ వేతనం నెలకు 500. 500 రూపాయలు! అప్పుడు కూడా ఇక్కడ ఫ్యాక్టరీలో హెల్పర్‌గా నాలుగు రోజులు వెళ్తే అంతకన్నా ఎక్కువ వచ్చేది. కానీ ఈ పథకం రాసినవాళ్లకు ఒక విషయం అర్థమైంది: గ్రౌండ్ అంటే భూమి ఒక్కటే కాదు, ప్రతి ఏడాదీ బంతి కొనాలి, సున్నం గీత గీయాలి, సాయంత్రం ఒక మనిషి ఉండాలి. ఆ ఆలోచన బాగుంది, డబ్బు చిన్నది. 2014లో పథకం పేరు రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్ అయింది, ప్రభుత్వం మారాక ఖేలో ఇండియా. ఖేలో ఇండియా చూపు పతకాల మీద, ప్రతిభ ఉన్నవాళ్ల మీద. మెడల్ రాని మామూలు కుర్రాడు, అంటే మీరూ నేనూ, జాబితాలోంచి జారిపోయాం.

2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఊరూరా ఒకటి, ఉపాధి హామీ నిధులతో చదును చేసి, వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంత, కసరత్తు బార్లు. ఆలోచన మంచిదే, ప్రతి పల్లెకూ హక్కులాగా ఇవ్వాలనుకున్నారు. ఈ బెల్ట్‌లో నేను తిరిగి చూసిన వాటిల్లో కొన్ని బాగున్నాయి, పొద్దున ముసలాళ్లు నడుస్తున్నారు, సాయంత్రం పిల్లలు. కొన్నిచోట్ల బోర్డు ఉంది, బోర్డు కింద తుమ్మచెట్లు ఉన్నాయి. ఒక ఊళ్లో శ్మశానం దాటి వెళ్లాలి, ఆడపిల్లలు అటు వెళ్తారా? ఎందుకంటే ఫ్యాక్టరీ బెల్ట్‌లో సర్కారు జాగా మిగిలేది అలాంటి చోటే. ఉపాధి హామీ డబ్బు మట్టి పనికి వస్తుంది, మరుసటి ఏడాది నెట్ కొనడానికి రాదు. పైకాలో ఉన్న ఆ ఏడాదికోసారి డబ్బు ఇందులో లేదు.

ఇంకో లెక్క ఉంది, ఇది మన బెల్ట్‌కే ప్రత్యేకం. ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు ఊరి జనాభాను బట్టి వస్తుంది. ఏ జనాభా? 2011 సెన్సస్. కొత్త సెన్సస్ 2027లో. 2011 తర్వాత ఈ ఊళ్లకు వచ్చి చేరిన బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు, శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఆ లెక్కలో లేరు. పద్దెనిమిదేళ్లు, ఇరవై ఏళ్లు, ఇరవై రెండేళ్ల వాళ్లు. ఓటు సొంత ఊళ్లో, రేషన్ సొంత ఊళ్లో. ఇక్కడ కుర్రాళ్లు ఎక్కువ, కాగితం మీద తక్కువ. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. ఆ రోజు వాళ్ల పేర్లు, ఊళ్లు టీవీలో వచ్చాయి. ఆదివారం సాయంత్రం రూములో ఫోన్ చూసుకుంటూ గడిపిన ఆ కుర్రాళ్లకు ఈ ఊళ్లో ఒక చోటు ఉండాలని ఏ బడ్జెట్ కాగితంలోనూ ఎవరూ రాయలేదు. రాయడానికి లెక్కలోనే లేరు.

పైగా వచ్చే గ్రాంటులో కూడా 2021 నుంచి 2026 వరకు నడిచిన పదిహేనో ఫైనాన్స్ కమిషన్ 60 శాతాన్ని నీళ్లకు, పారిశుధ్యానికి కట్టేసింది. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టం. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేక అధికారులు కూర్చున్నారు, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంటు ఆపింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యాయి. ఆ మధ్యలో దాదాపు రెండేళ్లు అడగడానికి సర్పంచే లేడు.

వేరే చోట ఎలా చేశారు? ఎక్కడో యూరప్ దాకా వెళ్లనవసరం లేదు. (వెళ్తే ఐస్‌లాండ్‌లో రేక్యవిక్ మున్సిపాలిటీ 2007 నుంచి 6 నుంచి 18 ఏళ్ల పిల్లల ఆటకో, సంగీతానికో ఏటా కొంత డబ్బు కార్డు రూపంలో ఇస్తోంది.) కేరళ చాలు. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం నేరుగా స్థానిక సంస్థల చేతిలో పెట్టారు. పదకొండో షెడ్యూల్ వాళ్లకూ అదే, ఆటలు అన్న పదం అందులో లేదు. కానీ చేతిలో డబ్బు, వార్డు సభలో మాట ఉండటంతో పంచాయతీలు దారి వెతుక్కున్నాయి. అక్కడ కేరళోత్సవం అని యువజన పోటీలు జరుగుతాయి, మొదటి మెట్టు గ్రామ పంచాయతీయే. ఆటలు, పాటలు, నాటకం, అన్నీ. మన దగ్గర 35 అన్న అంకె ఇంకో చోట కనబడింది, గుర్తుందా? ఐలా నుంచి ఊరికి వచ్చే వాటా.

కంపెనీల సీఎస్సార్ ఉంది కదా అని కామెంట్లలో అడుగుతారు, ముందే చెప్తున్నా. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్, 2014 ఏప్రిల్ నుంచి అమలు. ఏడాదికి 5 కోట్ల లాభం దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. కానీ ఏం చేయాలో నిర్ణయించేది కంపెనీ బోర్డు. రిజిస్టర్డ్ ఆఫీసు ముంబైలో ఉన్న కంపెనీకి చుట్టుపక్కల అంటే ఏది? అందుకే మనకు ఎక్కువగా కనబడేది స్కూల్లో బెంచీలు, బెంచీల మీద కంపెనీ పేరు. వస్తే తీసుకోండి, వద్దనకండి. కాకపోతే అది దానం. పన్ను వేరు, దానం వేరు. పన్నుకు లెక్క అడగొచ్చు.

మరి ఫోన్‌లో ఏం చేయొచ్చంటే, ఈ-గ్రామ్‌స్వరాజ్ అని సైటు ఉంది. మీ పంచాయతీ పేరు కొడితే ఈ ఏడాది ప్రణాళికలో ఏం రాశారో, ఏ పనికి ఎంత చెల్లించారో వస్తుంది. వరుసగా చూడండి, యూత్ కోసం ఒక్క పనైనా ఉందా అని. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. అక్కడ గ్రౌండ్ కావాలి అని ఊరికే అడిగితే చూద్దాంలే అంటారు. ఇలా అడగండి: ఐలా నుంచి మన ఊరికి పోయిన ఏడాది 35 శాతం వాటా కింద ఎంత రావాలి, ఎంత వచ్చింది, క్రీడా ప్రాంగణం నిర్వహణకు ఎంత పెట్టారు. మూడు అంకెలు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మున్సిపాలిటీలో ఉన్నవాళ్లు పన్నెండో షెడ్యూల్ 12వ అంశం పేరు చెప్పి అడగొచ్చు, ఆ పదం మీకు రాసిపెట్టే ఉంది.

మీ ఊరి అంకెలు దొరికితే రసీదు, కాగితం ఫోటోలు పంపండి, పేర్లు కొట్టేసి పంపండి. ఎస్టేట్ పక్కనున్న ఊళ్లవన్నీ ఒక పట్టికలో పెడదాం. వచ్చే ఎపిసోడ్ నక్కవాగు మీద. నీళ్ల బాటిల్ పక్కన పెట్టుకుని వినండి. ఉంటాను.